గాలిమరల ముందు ఉసిరి కుండీ

"బస్సులో పరీక్ష పెడతారేటండీ?" అన్నాడు మృత్యుంజయ, ముందున్న కాగితాలు తిరగేస్తూ.

"పరీక్ష కాదండీ. సర్వే," అంది కౌముది.

"ప్రశ్నలున్నాయి. పక్కన గళ్ళున్నాయి. టిక్కు పెట్టమంటున్నారు. మా కాలేజీలో దీన్ని పరీక్షే అనీవారు."

గదిలో ఉన్నవాళ్ళు నవ్వారు. కౌముది నవ్వలేదు. ఆఫీసు నుంచి సరాసరి వచ్చింది. ఆకలిగా ఉంది. పైగా కింద మిఠాయి దుకాణంలోంచి వేడి పాకం వాసన మెట్లెక్కి మరీ వస్తోంది.

భవానీపూర్‌లో తెలుగు సంఘానికి ఉన్నది ఆ ఒక్క మేడమీది గది. కార్తీక వనభోజనాల ఏర్పాట్ల కోసం కమిటీ కూర్చుంది. ప్రతి ఏడూ వెళ్ళేది నీల్‌ఖాలీకే. డైమండ్ హార్బర్ దాటి ఇంకా దక్షిణానికి పోతే సముద్రం ఒడ్డున ఒక సరుగుడు తోట. ఇప్పుడు ఆ ఒడ్డున గాలిమరలు పెట్టాలని ఒక కంపెనీ అనుకుంటోంది. అవి వస్తే ఆ చోటు చూడ్డానికి ఎలా మారుతుంది, విహారానికి వచ్చేవాళ్ళు మళ్ళీ వస్తారా, మానేస్తారా అన్నది తేల్చే పని సాల్ట్ లేక్ సెక్టర్ ఫైవ్‌లో కౌముది పనిచేసే ఆఫీసుకి వచ్చింది. ఆఫీసులో అది కౌముది బల్ల మీదికి వచ్చింది. ఏళ్ళ తరబడి ఒకే చోటికి వెళ్తున్న మనుషులు ఒక బస్సు నిండా దొరుకుతారంటే ఎవరు వదులుకుంటారు?

"పులిహోర తింటున్న మనిషిని ఆపి, అయ్యా, తమరు మళ్ళీ వస్తారా అనడిగితే బాగుంటాదా?" అన్నాడు మృత్యుంజయ.

"తినకముందు అడుగుతాను."

"ఆకలి మీదున్నవాళ్ళు ఏదడిగినా వద్దంటారు."

"తిన్నాక అడుగుతాను."

"తిన్నాక పడుకుంటారు."

సంఘం కార్యదర్శి హైమ, కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, కళ్ళజోడు పైనుంచి ఇద్దరినీ చూసింది. "అడగనియ్యి జయా. మనం వెళ్ళే చోటు గురించి మనల్ని అడుగుదామని ఇన్నాళ్ళకి ఒకరికి తోచింది. కౌముదీ, నువ్వు అడుగు. కానీ కొత్తగా చేరినవాళ్ళకి మా దగ్గర ఒక డ్యూటీ ఉంది."

"ఏం డ్యూటీ అండీ?"

హైమ కిటికీ వైపు చూపించింది. అక్కడ మట్టి కుండీలో, నడుము ఎత్తున ఒక ఉసిరి మొక్క ఉంది.

నీల్‌ఖాలీలో ఉసిరి చెట్టు లేదు. ఉప్పు ఇసకలో సరుగుడు తప్ప ఏదీ బతకదు. ఉసిరి చెట్టు కింద కాకుండా కార్తీక భోజనం ఏమిటని ఎప్పుడో ఎవరో పెద్దావిడ పట్టుబట్టి కుండీతో సహా మొక్కని బస్సెక్కించింది. అప్పట్నించీ అదే ఆచారం. ఆ ఏడు సంఘంలో అందరికన్నా కొత్తగా చేరిన ఇంటివాళ్ళు కుండీని ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాలి. తిరిగొచ్చాక మళ్ళీ కార్తీకం దాకా ఆ మొక్క వాళ్ళింట్లోనే పెరగాలి.

"ఏడాదంతానా?" అంది కౌముది.

"ఏడాదంతా," అన్నాడు మృత్యుంజయ. మొదటిసారి అతని మొహంలో సంతోషం కనిపించింది. "మధ్య మధ్యలో వచ్చి ఎలాగుందో చూసీ డ్యూటీ నాది."

"అది కూడా ఆచారమేనా?"

"ఇప్పుడే పెట్టాను."

*

మృత్యుంజయ పుట్టింది ఏక్‌బాల్‌పూర్‌లో. తాత శ్రీకాకుళం నుంచి వచ్చి కార్పొరేషన్‌లో చేరాడు, తండ్రి నరసయ్య కూడా అందులోనే రిటైరయ్యాడు. ఈ పేరు బెంగాలీల్లోనూ ఉండటంతో ఊళ్ళో అందరూ అతన్ని బెంగాలీ అనే అనుకుంటారు, జయ్‌దా అని పిలుస్తారు. కొన్నాళ్ళు ఒక ట్రావెల్ ఆఫీసులో పనిచేసి, అది మానేసి, నీల్‌ఖాలీ సరుగుడు తోటలో గుడారాలు వేశాడు. శని, ఆదివారాలు కలకత్తా నుంచి సైకిళ్ళ మీద, బస్సుల్లో జనం వస్తారు. ఒక రోజు ఉండి వెళ్తారు. అదే అతని బతుకు తెరువు. గాలిమరలు రాబోయేది ఆ గుడారాల ముందే.

ఇదంతా కౌముదికి బస్సులో తెలిసింది. తల్లి నీరజ మోకాళ్ళ నొప్పులని రాలేదు. తండ్రి త్యాగరాజు బ్యాంకు ఆఫీసరు; విజయవాడ నుంచి కలకత్తాకి బదిలీ అయి ఏడాది కాలేదు, శనివారం కూడా బ్యాంకే ఆయనకి. కాబట్టి కుండీ కౌముది ఒళ్ళోకే వచ్చింది. ఉసిరి రెమ్మలు ఆమె చెవుల్లోకి, ముక్కులోకి దూరుతున్నాయి. రెండు చేతులూ కుండీకే సరిపోయాయి. ఇక సర్వే ఎలా?

"ఇలా ఇవ్వండి," అన్నాడు మృత్యుంజయ, పక్క సీట్లో కూర్చుంటూ. "మీరు అడగండి, నేను టిక్కు పెడతాను."

కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"ఏమైంది?"

"మొన్న ఇంగ్లీషులో ఉన్నదాన్ని మీరు తెలుగులో రాసీశారు."

"తెలుగువాళ్ళ కోసం కదా."

"తెలుగువాళ్ళమే. కానీ నేను చదివింది బెంగాలీ మీడియం అండీ. దుకాణాల బోర్డులైతే చదువుతాను. ఇలాగ పేరాలు పేరాలు ఉంటే డైమండ్ హార్బర్ వచ్చీస్తాది."

కౌముది నవ్వింది. ఆ రోజు అదే మొదటి నవ్వు. ఆమె ప్రశ్న చదువుతుంది, అతను వరసలో ఎన్నో గడో చూసుకుని టిక్కు పెడతాడు. ఆమె దగ్గర ఇంకో సాధనం కూడా ఉంది, రెండు ఫొటోలు. ఒకటి ఇప్పటి నీల్‌ఖాలీ. రెండోది అదే ఫొటోలో రాబోయే గాలిమరలని కంప్యూటర్ మీద సరైన చోట, సరైన ఎత్తులో నిలబెట్టినది. రెండూ ఆమె తయారు చేసినవే. ఎండాకాలంలో వెళ్ళి తీసుకొచ్చింది.

మృత్యుంజయ మామ్మ ముసలమ్మ రెండో ఫొటోని దగ్గరగా, దూరంగా పెట్టి చూసింది. "ఈ ఫేన్లు మనకి గాలిస్తాయేటే పిల్లా?"

"కాదు మామ్మగారూ. గాలికి అవి తిరిగి కరెంటు ఇస్తాయి."

"అయితే మంచిదే కదేటి. మా వాటాలో రోజూ కరెంటు పోతన్నాది."

"మామ్మా, అదీ ఇదీ ఒకటి కాదే," అన్నాడు మృత్యుంజయ.

"నువ్వూరుకోరా. నన్నడుగుతన్నాది. నానొస్తాను, రాయి."

అతను టిక్కు పెట్టాడు. వెనక సీట్లో పిల్లలు గాలిమర కింద సెల్ఫీ తీసుకోవచ్చా అనడిగారు. ఒకాయన, ప్రశాంతంగా ఉంటుందని వస్తున్నాం, అక్కడ కూడా యంత్రాలే చూడాలా అన్నాడు. ఆయన భార్య, మీరెప్పుడు సముద్రం చూశారు, పేకలే కదా చూసేది అంది. ఎక్కువ మంది, ఏముంది, వస్తాం అన్నారు. ఒక్కొక్క టిక్కుకీ మృత్యుంజయ మొహం కొంచెం కొంచెం వాడిపోతోంది. కౌముది అది గమనించింది. గమనించనట్టు ఉండాలనుకుంది గానీ, ఉసిరి రెమ్మల చాటు నుంచి చూపు అటే పోతోంది.

"మీ జవాబు?" అంది చివరికి.

"నాది గడిలో పట్టదండీ."

"పట్టినంత చెప్పండి."

అతను కిటికీలోంచి చూస్తూ చెప్పాడు. "మా దగ్గరికి వచ్చినవాళ్ళు బస్సు దిగగానే ఏటంటారో తెలుసా? 'ఇక్కడ ఏమీ లేదే' అంటారు. ఆదివారం వెళ్ళిపోయీటప్పుడు కూడా అదే మాట. ఏమీ లేదే ఇక్కడ, అని. కానీ గొంతు వేరేగా ఉంటాది. ఆ రెండో మాట కోసమే నేను గుడారాలు వేస్తన్నాను. రేపు అక్కడ అంతెత్తున ఏదో ఒకటి నిలబడితే, ఆ మాట ఎవరంటారు?"

కౌముది అతని చేతిలోని కాగితం వైపు చూసింది. ఆ జవాబుకి ఆమె కాగితంలో నిజంగానే గడి లేదు.

*

మర్నాడు ఇంకా చీకటి విడకముందే ఆడవాళ్ళు ఒడ్డుకి చేరారు. వాళ్ళ వెనకే మృత్యుంజయతో సహా మిగతావాళ్ళూ వచ్చారు. అరటి దొప్పల్లో దీపాలు పెట్టి అలల మీద వదలాలి. కుండీ కూడా రావాలంది ముసలమ్మ. కౌముది మోసుకొచ్చి తడి ఇసకలో దించింది. మంచు పల్చగా ఉంది. దీపాలు ఒకదాని వెనక ఒకటి అలల మీద ఊగుతూ వెళ్తున్నాయి.

అప్పుడు సూర్యుడు వచ్చాడు.

కౌముది ముందు ఊరికే చూసింది. తర్వాత ఉలిక్కిపడి చూసింది. తూర్పున సముద్రంలోకి నాలుకలా పొడుచుకొచ్చిన ఇసక మేట ఉంది. గాలిమరలు వరసగా రాబోయేది దాని మీదే. సూర్యుడు సరిగ్గా ఆ మేట వెనక నుంచి, నీళ్ళలోంచి లేస్తున్నాడు.

ఆమె ఫొటోలో అలా లేదు. ఎండాకాలంలో ఆమె తీసినప్పుడు సూర్యుడు బాగా ఎడమకి, బెస్తవాళ్ళ గుడిసెల వెనక నుంచి వచ్చాడు. గాలిమరలు ఎక్కడో కుడివైపు ఒద్దికగా నిలబడ్డాయి. ఉత్తరాయణంలో సూర్యుడు ఉత్తరానికి జరుగుతాడని, చలికాలానికి దక్షిణానికి వస్తాడని ఆమెకి తెలియదా? తెలుసు. చిన్నప్పుడే చదువుకుంది. కానీ జనం నీల్‌ఖాలీకి వచ్చేది ఎండాకాలంలో కాదు, చలికాలంలో. నిన్న బస్సులో అందరికీ ఆమె చూపించిన ఫొటోలో ఈ ఉదయం లేదు.

"మృత్యుంజయ గారూ, ఆ కుండీ పట్టుకుని అక్కడ నిలబడతారా? ఆ తడి గీత దగ్గర."

"ఎందుకూ?"

"మనిషి ఉంటేనే గాలిమర ఎంత ఎత్తో చూసేవాళ్ళకి తెలుస్తుంది."

"అయితే నేను కొలకర్రనేటి?"

"అవును. కదలకండి."

అతను కదల్లేదు. కుండీని చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకుని నిలబడ్డాడు. ఆమె కెమెరా స్టాండు వేసి, ఒకటి తర్వాత ఒకటి తీస్తూనే ఉంది. సూర్యుడు అతని భుజం ఎత్తుకి వచ్చేదాకా తీసింది.

"ఇప్పుడు కదలొచ్చా? చెయ్యి తిమ్మిరెక్కీసింది."

"ఒక్కటే ఒక్కటి."

ఆ చివరిది అవసరం లేదు. అది అతనికి తెలియదు.

*

తప్పు జరిగిందని సోమవారం ఉదయమే కౌముది తన పై ఆఫీసరు సుదేష్ణాదీతో చెప్పింది. ఆవిడ ఫొటోలు చూసి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు," అంది బెంగాలీలో.

"అక్కడికి వెళ్ళేవాళ్ళందరికీ తెలుస్తుంది దీదీ. కట్టాక."

"బొమ్మలన్నీ మళ్ళీ చెయ్యాలి. మనుషుల్ని మళ్ళీ అడగాలి. కంపెనీవాళ్ళు నా ప్రాణం తీస్తారు." ఆవిడ టీ తాగింది. "చెయ్యి. కానీ పని అయ్యేదాకా బయట ఎవరికీ ఒక్క ముక్క చెప్పొద్దు. మీ కుండీ అబ్బాయికి కూడా."

కుండీ అబ్బాయి సంగతి ఆవిడకి ఎలా తెలిసిందో కౌముదికి అర్థం కాలేదు. ఫొటోలన్నిట్లోనూ అతనే ఉన్నాడన్న విషయం కాసేపటికి గుర్తొచ్చింది.

ఆ చలికాలమంతా ఆమె శనివారం ఉదయాలు ధర్మతల్లా బస్టాండులో గడిపింది. గుడారాల సంచులు, సైకిళ్ళతో దక్షిణానికి బయల్దేరేవాళ్ళని ఆపి కొత్త ఫొటో చూపించి అడిగేది. గుడారాల పని లేని రోజుల్లో, ఆమె ఆఫీసు నుంచి ఇల్లు చేరేసరికి వరండాలో మృత్యుంజయ ఉండేవాడు.

"మొక్కని చూద్దామని వచ్చాను."

మొదట్లో నెలకోసారన్నాడు. తర్వాత పదిహేను రోజులకయింది, ఆపైన వారానికయింది. తర్వాత ఏ అల్పపీడనానికో రోజంతా ముసురు పట్టిన రోజున గొడుగు కూడా లేకుండా వచ్చాడు.

"వానలో మొక్క తడిసిపోతాదేమోనని..." అన్నాడు గుమ్మంలో నీళ్ళోడుతూ.

"మొక్కలు తడవడానికే కదా ఉన్నాయి," అంది కౌముది.

"ఎక్కువ తడిసినా మంచిది కాదు."

"అది నిజమే. మీరు లోపలికి రండి."

నీరజ తువ్వాలు తెచ్చి ఇచ్చింది. వేడివేడిగా పెసరట్టు వేసింది. అతను మొక్క వైపు ఒక్కసారి కూడా చూడకుండా మూడు పెసరట్లు తిన్నాడని, అతను వెళ్ళాక భర్తతో చెప్పింది. త్యాగరాజు పేపరు దించకుండానే, "మొక్క బాగానే ఉందిగా మరి," అన్నాడు.

*

తగువు జనవరిలో వచ్చింది.

సెక్టర్ ఫైవ్‌లో ఆఫీసు ఎదుట టీ దుకాణం దగ్గర మృత్యుంజయ నిలబడి ఉన్నాడు. మట్టి కప్పులో టీ చల్లారిపోయింది.

"నీల్‌ఖాలీలో కంపెనీ మనిషి చెప్పాడు. కొత్త బొమ్మలు తయారవుతన్నాయట. అవి వస్తే ఇంక గొడవే ఉండదట. మీరే చేస్తన్నారట. నిజమేనా?"

"చేస్తున్నాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పకూడదు. అందరికీ చూపించే రోజు వస్తుంది, ఆ రోజు చూడండి."

"ప్రతి వారం మీ ఇంటికొస్తన్నాను, కౌముది గారూ."

"మొక్క కోసం కదా," అంది. సరదాగా అనబోయింది గానీ సరదాగా రాలేదు.

అతను కప్పుని తొట్టిలో పడేశాడు. "ఒక్క మాట రాయండి చాలు. ఫేన్లొస్తే జనం రారు అని. మీరు రాస్తే వింటారు."

"బస్సులో మీ చేత్తోనే టిక్కులు పెట్టారు. ఎక్కువ మంది వస్తామన్నారు. అది నేను మార్చను. కంపెనీ కోసమూ మార్చను, మీ కోసమూ మార్చను."

"నా గుడారాలు పోయినా?"

ఆమె బ్యాగు భుజం మీదికి సర్దుకుంది. కొత్త ఫొటోలో ఏముందో చెప్తే అతని మొహం ఎలా మారుతుందో ఊహించుకోగలదు. చెప్పకూడని మాట అది. చెప్తే ఆ రిపోర్టుని, ఒక తెలిసిన అబ్బాయి కోసం చేసిన పని అంటారు. అప్పుడు అతనికే నష్టం.

"చూపించే రోజున రండి," అంది మళ్ళీ.

"మొక్కకి నీళ్ళు పోస్తూ ఉండండి," అనేసి ఆటో ఎక్కేశాడు.

ఆ వారం అతను రాలేదు. పై వారమూ రాలేదు.

"మొక్కని చూడ్డానికి ఎవరూ రావడం లేదేమిటే?" అంది నీరజ, పప్పు రుబ్బుతూ.

"పనుండి ఉంటుంది."

"మొక్కకి మాత్రం ఏం బాగాలేదు. చూశావా?"

చూసింది. ఉసిరి ఆకులు పసుపు తిరిగి, ముట్టుకుంటే జలజల రాలుతున్నాయి. కౌముది ఎరువు వేసింది, కుండీ చోటు మార్చింది, నీళ్ళు తగ్గించింది, పెంచింది. ఆకులు రాలుతూనే ఉన్నాయి. సంఘం మొక్క, ఎన్ని ఇళ్ళు తిరిగి వచ్చిన మొక్క, తన చేతిలో పోతోంది. ఒకరోజు వరండాలో రాలిన ఆకులు ఊడుస్తూ కళ్ళు తుడుచుకుంది. నీరజ చూసి, ఇది మొక్క కోసమేనా అని అడగలేదు.

*

నీల్‌ఖాలీకి వెళ్ళేవాళ్ళు ఎక్కువగా కలకత్తావాళ్ళే. అందుకని బొమ్మలని ముందు సాల్ట్ లేక్‌లో ఒక హాల్లో ప్రదర్శనకి పెట్టారు. హైమ సంఘంలో సగం మందిని వెంటబెట్టుకొచ్చింది. ముసలమ్మ మెట్లెక్కలేనంటూనే అందరికన్నా ముందుంది. మృత్యుంజయ ఆఖరున వచ్చాడు. మాట్లాడదామని రెండు రోజులుగా మనసులో మాటలు పేర్చుకుంటున్నాడు.

లోపలికి రాగానే మాటలన్నీ పోయాయి.

ఎదురుగా గోడంత ఫొటో. కార్తీకపు ఉదయం. నీళ్ళ మీద దీపాలు. ఇసక మేట మీద గాలిమరలు వరసగా, ఆకాశం సగం దాకా. సూర్యుడు సరిగ్గా వాటి మధ్యలో, రెక్కల వెనక ముక్కలై ఉన్నాడు. వాటి ముందు, వేలెడంత మనిషి, చేతుల్లో కుండీ.

"ఒరే, ఇది నువ్వే కదేటి," అంది ముసలమ్మ. హాలంతా వినిపించింది. "ఎంత చిన్నగున్నావురా. సూర్నారాయణమూర్తిని అడ్డీసినాయి ఈ ఫేన్లు. ఇలాగుంటాదని ఆ పిల్ల బస్సులో చెప్పలేదే. దీపాలు ఎవరికి సూపించాలి మరి?"

ఫొటో కింద మూడు భాషల్లో నాలుగు వాక్యాలున్నాయి. బెంగాలీలో అతను గడగడా చదివాడు. ముందు తీసిన ఫొటో ఎండాకాలానిది, యాత్రికులు వచ్చే కాలానికి అది సరిపోదు, ఆ తప్పు మాదే. కొత్త ఫొటో చూశాక కూడా ఒక్కరోజు విహారానికి వచ్చేవాళ్ళలో ఎక్కువ మంది వస్తామనే అన్నారు. రాత్రి ఉండి తెల్లవారుజామున ఒడ్డుకి వెళ్ళేవాళ్ళలో మాత్రం సగానికి పైగా, ఇక రామన్నారు. అందువల్ల గాలిమరలని తూర్పు మేట మీద కాక, అక్కడ సముద్రంలో కలిసే పాయకి పడమట వైపు పెట్టాలని మా సిఫారసు.

పక్కనే పడమటికి జరిపిన బొమ్మ ఉంది. గాలిమరలు అందులోనూ ఉన్నాయి. పోలేదు. కానీ సూర్యుడు ఒంటరిగా, శుభ్రంగా నీళ్ళలోంచి వస్తున్నాడు. ఆ బొమ్మలో కూడా కుండీతో అతనే ఉన్నాడు.

హాల్లో ఒక మూల కంపెనీ మనుషులు కౌముది చుట్టూ చేరి గట్టిగా ఏదో అంటున్నారు. ఆమె చేతులు కట్టుకుని, ఒక్కొక్క మాటకీ నెమ్మదిగా జవాబు చెప్తోంది. మృత్యుంజయ ఆమె దగ్గరికి వెళ్ళలేదు. ఇప్పుడు వెళ్ళి పక్కన నిలబడితే ఆమెకే ఇబ్బంది అని ఆ రోజు అర్థమైంది. టీ దుకాణం దగ్గర ఆమె ఎందుకు నోరు మూసుకుందో కూడా.

సాయంత్రం భవానీపూర్‌లోనే ఉన్న కౌముది వాళ్ళింట్లో తలుపు తీసిన నీరజ, అతన్ని చూసి పక్కకి తప్పుకుంది.

"మొక్కని..." అన్నాడు.

"వరండాలో ఉంది. రెండూ అక్కడే ఉన్నాయి."

కౌముది కుండీ పక్కన పీట మీద కూర్చుని ఉంది. ఉసిరికి ఒక్క ఆకు లేదు. ఉత్త పుల్లలు.

"చంపేశాను," అంది తలెత్తకుండా. "సంఘానికి ఏం చెప్పాలో తెలియడం లేదు."

మృత్యుంజయ వంగి చూశాడు. గోటితో ఒక పుల్లని గీరాడు. లోపల పచ్చగా ఉంది.

"ప్రతి ఏడూ ఇంతేనండీ. చలికి ఆకు రాల్చీస్తాది. ఎండలు రాగానే చిగురేస్తాది. చెప్దామనుకున్నాను."

"ఎప్పుడు?"

"వచ్చినప్పుడు."

"వస్తేగా."

వీధిలో ట్యాక్సీ ఒకటి హారన్ కొడుతూ పోయింది. అతను గచ్చు మీదే కూర్చున్నాడు.

"మీరు ఆ రోజు టీ దుకాణం దగ్గర చెప్పుంటే నేను ఊరంతా చెప్పీసేవాణ్ణి. మీ మాటకి విలువ లేకుండా పోయీది. నేను అన్నదానికి..."

"వదిలెయ్యండి."

"ఒకటి అడగనా? ఆ ఉదయం ఒడ్డు మీద బస్సు నిండా మనుషులున్నారు. కొలతకి నన్నే ఎందుకు నిలబెట్టారు?"

"చెప్పిన చోట నిలబడతారనిపించింది."

"అంతేనా?"

"మిగతావాళ్ళెవరూ నిలబడేవాళ్ళు కాదు." రాలిన ఆకు ఒకటి ఏరింది. "ఆ ఆఖరి ఫొటో పనికోసం తియ్యలేదు. అది నా దగ్గరే ఉంది."

అతను చాలాసేపు కుండీలో మట్టి సర్దాడు. మట్టి బాగానే ఉంది.

"నేను కూడా మొక్క కోసం రాలేదు. ఒక్కసారి కూడా," అన్నాడు. "తెలుసా నీకు?"

"అందరికీ తెలుసు," అంది కౌముది. "అమ్మ పెసరట్లు లెక్కపెట్టింది."

లోపల నీరజ గిన్నె ఏదో చప్పుడయ్యేట్టు పెట్టింది. తర్వాత వరండాలోకి వచ్చి, చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది. సూటిగా అడిగింది.

"ఆ గాలిమరలు పడమటికి జరిపినా, నీ గుడారాలకి జనం వస్తారా బాబూ?"

మృత్యుంజయ లేచి నిలబడ్డాడు. ధైర్యంగా అవునంటే బాగుండేది.

"తెలీదండీ. కొంతమంది మానేస్తారు. అవి చూడ్డానికి కొత్తగా కొంతమంది రావచ్చు. రెండేళ్ళు చూస్తే గానీ తెలీదు. నడవకపోతే వేరే పని చేసుకుంటాను."

నీరజ అతన్ని ఇంకాసేపు చూసింది. ఆవిడకి నచ్చింది ఆ 'తెలీదు' అన్న మాట. అబద్ధం చెప్పలేని ఇద్దరు ఒక ఇంట్లో ఎలా వేగుతారో అనుకుంది గానీ, పైకి, "భోంచేసి వెళ్ళు," అంది.

*

మళ్ళీ కార్తీకం వచ్చింది. మేడమీది గదిలో మళ్ళీ కమిటీ కూర్చుంది. ఉసిరి ఇప్పుడు భుజం ఎత్తుంది, ఒత్తుగా ఉంది. నీరజ దాన్ని తనే ఆటోలో తెచ్చింది. తెచ్చిందే గానీ కుండీ మీంచి చెయ్యి తియ్యలేదు.

"ఈ ఏడు కొత్తగా చేరినవాళ్ళు ఎవరు?" అంది హైమ.

"చేతలా నుంచి కొత్తగా ఒక కుటుంబం చేరిందండీ," అన్నారెవరో.

నీరజ మొహం చిన్నబోయింది. ముసలమ్మ అది చూసింది.

"చేతలావోళ్ళు మొన్న శ్రావణంలో చేరినారు. అంతకన్నా కొత్తిల్లు ఉన్నాది కదేటి," అంది.

"ఎవరిది మామ్మా?"

"వచ్చే మాఘంలో ఈళ్ళిద్దరికీ ముహూర్తం పెట్టుకున్నాం. ఏక్‌బాల్‌పూర్‌లో మా పక్క వాటా తీసుకున్నాం. ఇంకా సున్నమే ఎయ్యలేదు. దానికన్నా కొత్తది ఏటుంటాది?"

కౌముది తల వంచుకుంది. మృత్యుంజయ కిటికీలోంచి మిఠాయి దుకాణాన్ని శ్రద్ధగా చూస్తున్నాడు. హైమ కళ్ళజోడు సర్దుకుని, చేతలావాళ్ళకి పై ఏడు అని ప్రకటించింది.

ఈసారి బస్సులో కుండీని ఇద్దరి మధ్యా పెట్టుకున్నారు. నీరజ మోకాళ్ళ నొప్పులతోనే వచ్చింది. నీల్‌ఖాలీలో దిగి, చెప్పుల్లో ఇసక దులుపుకుని, నడుము మీద చెయ్యి పెట్టుకుని నాలుగు వైపులా చూసింది. సరుగుడు చెట్లు, ఇసక, నీళ్ళు. పడమట పాయ అవతల, పునాది పూర్తయిన చోట, మొదటి గాలిమర స్తంభం తెల్లగా లేచి ఉంది. ఇంకా రెక్కలు పెట్టలేదు.

"ఏమీ లేదే ఇక్కడ," అంది. "ఆ స్తంభం తప్ప."

మృత్యుంజయ కౌముది వైపు చూశాడు. కౌముది అతని వైపు చూడలేదు.

మర్నాటి ఉదయం దీపాలు వదిలారు. సూర్యుడు మేట వెనక నుంచి అడ్డం లేకుండా వచ్చాడు. నీరజ మోకాలి దాకా నీళ్ళలో నిలబడి, ఎవరు పిలిచినా పలక్కుండా చాలాసేపు ఉండిపోయింది. మధ్యాహ్నం ఉసిరి కుండీ చుట్టూ విస్తళ్ళు వేశారు. కొందరు పేకాడారు, పిల్లలు పడమటి వైపు నడిచి స్తంభం ముందు ఫొటోలు దిగొచ్చారు. పొద్దు వాలుతుండగా బస్సు హారన్ కొట్టింది.

నీరజ బస్సు మెట్టు మీద ఆగి వెనక్కి తిరిగింది.

"ఏమీ లేదే ఇక్కడ," అంది నెమ్మదిగా, ఎవరితోనూ కాదు.

స్తంభం అక్కడే ఉంది, సాయంత్రపు వెలుగులో ఇంకా తెల్లగా. ఆవిడ దాని మాట ఎత్తలేదు.

మృత్యుంజయ ఉసిరి రెమ్మలు పక్కకి తప్పించి, కౌముది చెవి దగ్గరికి వంగాడు.

"విన్నావా? టిక్కు పెట్టుకో," అన్నాడు.